కుడి సీటు మాట వినని విమానాలు

2010 మే 22, ఉదయం ఆరు దాటింది. దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 812 మంగళూరులో దిగబోతోంది. అక్కడి రన్‌వే కొండ నెత్తిన చదును చేసిన బల్లలాంటిది, పొడవు 2,450 మీటర్లు. చివర దాటితే లోయ. ఎడమ సీట్లో కెప్టెన్, పదివేల గంటలకు పైగా నడిపినవాడు. కుడి సీట్లో కో-పైలట్. విమానం ఉండాల్సిన ఎత్తు కంటే చాలా పైన ఉంది, దిగే వేగం ఎక్కువగా ఉంది. కో-పైలట్ 'గో అరౌండ్' అన్నాడు. అంటే దిగడం మానేసి, పవర్ పెంచి పైకి వెళ్లి, మళ్లీ తిరిగి రావడం. ఆ మాట మూడుసార్లు అన్నాడు. నేల దగ్గరపడుతోందని హెచ్చరించే యంత్రం కూడా అరుస్తూనే ఉంది. కెప్టెన్ దించాడు. చక్రాలు నేలను తాకేసరికి 8,033 అడుగుల రన్‌వేలో దాదాపు 5,200 అడుగులు వెనకే పోయాయి. విమానంలో ఉన్న 166 మందిలో 158 మంది చనిపోయారు.

దర్యాప్తు కోర్టు నివేదికలో కారణాలు చాలా ఉన్నాయి. రికార్డయిన 2 గంటల 5 నిమిషాల్లో మొదటి గంటా నలభై నిమిషాలు కెప్టెన్ నిద్రలో ఉన్నాడు. లేచిన వెంటనే ఉండే మత్తు ఒకటి. రాడార్ పనిచేయక, కిందికి దిగడం ఆలస్యంగా మొదలవడం ఇంకొకటి. అయితే ప్రధాన కారణంగా రాసింది మాత్రం, చెడిపోయిన అప్రోచ్‌ని (దిగడానికి రన్‌వే వైపు వచ్చే ప్రయత్నాన్ని) కెప్టెన్ వదులుకోకపోవడం, మూడుసార్లు చెప్పినా వినకపోవడం. ఆ నివేదికలో జనం పెద్దగా పట్టించుకోని వాక్యం మరొకటుంది. కో-పైలట్ చెప్పాడు గానీ కంట్రోల్స్ తన చేతుల్లోకి తీసుకోలేదు.

తెలుగులో ఒక జంటపదం ఉంది: వినయవిధేయతలు. పెళ్లి సంబంధాల్లో, స్కూలు సర్టిఫికెట్లలో, కొత్త ఉద్యోగి గురించి చెప్పేటప్పుడు ఈ రెండింటినీ కలిపే వాడతాం, రెండూ ఒకటేనన్నట్టు. విమానయానం యాభై ఏళ్లుగా, వేల ప్రాణాల ఖర్చుతో చేసిన పని ఈ జంటను విడదీయడం. ఎడమ సీటువాడికి వినయం కావాలి. కుడి సీటువాడు విధేయత మానుకోవాలి. ఈ రెండూ వాటంతట అవి రావు, రెండింటికీ శిక్షణ కావాలి.

గర్వం అంటే మన సామెతలకు ఒక బొమ్మ ఉంది. అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుందట, ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందట. లోపల సరుకు లేనివాడే ఎగురుతాడని దాని అర్థం. కాక్‌పిట్ ప్రమాదాల చరిత్ర చూస్తే ఈ సామెత సగమే నిజం. అక్కడ జనాన్ని చంపింది ఎక్కువగా నిండు విస్తళ్లే.

1977 మార్చి 27, స్పెయిన్‌కు చెందిన కానరీ ద్వీపాల్లోని టెనరీఫ్. పక్క ద్వీపంలోని లాస్ పాల్మాస్ విమానాశ్రయంలో బాంబు పేలడంతో అక్కడ దిగాల్సిన విమానాలన్నీ లాస్ రోడియోస్ అనే చిన్న విమానాశ్రయానికి మళ్లాయి. వాటిలో రెండు బోయింగ్ 747లు. ఒకటి డచ్ సంస్థ కేఎల్ఎంది, ఇంకొకటి అమెరికన్ సంస్థ పాన్ యామ్‌ది. కేఎల్ఎం కెప్టెన్ యాకోబ్ వెల్ధౌజెన్ వాన్ జాంటెన్. ఆ సంస్థలో 747 పైలట్లకు శిక్షణ ఇచ్చే విభాగానికి పెద్ద. సంస్థ పత్రికా ప్రకటనల్లో వేసిన ఫొటో ఆయనదే. ఆ రోజు ఆయన పక్కన కూర్చున్న కో-పైలట్‌కి 747 నడిపే అర్హత పరీక్ష పెట్టింది కూడా ఆయనే, సుమారు రెండు నెలల ముందు. పరీక్ష పెట్టిన గురువును శిష్యుడు ఆపాలి. ఆ కాక్‌పిట్ అమరికే అలా ఉంది.

సాయంత్రం ఐదు దాటాక పొగమంచు రన్‌వే మీదికి దిగింది. కేఎల్ఎం విమానం రన్‌వే చివరికి వెళ్లి వెనక్కి తిరిగి నిలబడింది. పాన్ యామ్ విమానం అదే రన్‌వే మీద ఎదురుగా నడుస్తూ వస్తోంది, పక్కదారిలోకి ఇంకా తప్పుకోలేదు. ఒకరికొకరు కనబడరు. టవర్‌కు ఇద్దరూ కనబడరు. నేల మీది రాడార్ అక్కడ లేదు. డచ్ సిబ్బంది డ్యూటీ గంటల పరిమితి దగ్గరపడుతోంది. ఆ పరిమితి దాటితే ఆ రాత్రికి విమానం అక్కడే ఆగిపోతుంది. కెప్టెన్ ఇంజిన్ బలం పెంచే థ్రాటిల్స్ ముందుకు తోశాడు. అనుమతి ఇంకా రాలేదని కో-పైలట్ ఆపాడు. నాకు తెలుసు, అడుగు అన్నాడు కెప్టెన్. ఇది మొదటి హెచ్చరిక, అది పనిచేసింది. కానీ ఒకసారి ఆపినవాడు వెంటనే రెండోసారి ఆపాలంటే ఎంత బరువుగా ఉంటుందో ఎవరికైనా తెలుస్తుంది.

టవర్ నుంచి వచ్చింది గాల్లోకి లేచాక ఏ దారిన వెళ్లాలో చెప్పే అనుమతి, లేవడానికి అనుమతి కాదు. కో-పైలట్ దాన్ని తిరిగి చదువుతుండగానే కెప్టెన్ 'వెళ్తున్నాం' అంటూ బయల్దేరాడు. కో-పైలట్ ఈసారి ఆపలేదు, 'మేం టేకాఫ్‌లో ఉన్నాం' అన్నట్టు రెండు అర్థాలొచ్చే మాటొకటి రేడియోలో కలిపాడు. టవర్ దాన్ని 'టేకాఫ్‌కి సిద్ధంగా ఉన్నాం' అని అర్థం చేసుకుని ఆగమంది. అదే క్షణంలో పాన్ యామ్ సిబ్బంది మేమింకా రన్‌వే మీదే ఉన్నామన్నారు. రెండు మాటలు ఒకదాని మీద ఒకటి పడి కేఎల్ఎం కాక్‌పిట్‌లో కీచుమనే శబ్దంగా వినబడ్డాయి. ఆ తర్వాత పాన్ యామ్ మాట మరోటి స్పష్టంగా వినబడింది: ఖాళీ చేశాక చెప్తాం అని. అది పట్టుకున్నది వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజినీర్. ఆ పాన్ అమెరికన్ ఇంకా తప్పుకోలేదా అని అడిగాడు. తప్పుకున్నాడు అని కెప్టెన్ గట్టిగా అన్నాడు. కో-పైలట్, ఇంజినీర్ ఇంకేమీ అనలేదు. కొన్ని సెకన్లలో రెండు విమానాలు గుద్దుకున్నాయి. 583 మంది చనిపోయారు. విమానయాన చరిత్రలో ఇప్పటికీ అంతకంటే పెద్ద ప్రమాదం లేదు.

స్పానిష్ నివేదిక ఒక మాట రాసింది. అంత పేరున్న పైలట్ ఇంత పెద్ద తప్పు చేస్తాడని ఊహించడమే ఆ ఇద్దరికీ కష్టమై ఉండొచ్చని. డచ్ అధికారులు రేడియో గందరగోళానికి ఎక్కువ బరువిచ్చారు, అందులోనూ నిజముంది. ఇంకొక వివరం కూడా చూడాలి. వాన్ జాంటెన్ చాలాకాలంగా సిమ్యులేటర్‌లో, అంటే నేల మీదే విమానం నడిపే సాధన చేయించే యంత్రంలో, శిక్షణ ఇస్తున్నాడు. సిమ్యులేటర్‌లో టవర్ ఉండదు. టేకాఫ్ అనుమతి ఇచ్చేది శిక్షకుడే. ఏళ్ల తరబడి తన అనుమతి తానే ఇచ్చుకునే అలవాటు పడ్డ మనిషికి బయటి అనుమతి కోసం ఆగడం ఎంత సన్నని దారమో ఆలోచించండి. దీన్ని పొగరు అనలేం. ఆయన ఎవర్నీ తిట్టలేదు, కసురుకోలేదు. దీనికి తెలుగులో సరైన మాట ధీమా. ఎదుటివాడి మాటను కాదనడం కాదిది, దాని అవసరమే కనబడకపోవడం. కాక్‌పిట్‌లో గర్వం వేసుకునే వేషం ఎక్కువసార్లు ఇదే, అందుకే పక్కవాళ్లు దాన్ని గర్వంగా గుర్తుపట్టలేరు.

ఇలాంటి ప్రమాదాలు జరిగినప్పుడల్లా ఆసియా సంస్కృతి, పెద్దలకు ఎదురు చెప్పలేకపోవడం అనే వివరణ తయారుగా ఉంటుంది. 1997లో గువామ్‌లో 228 మందిని బలిగొన్న కొరియన్ ఎయిర్ 801 తర్వాత ఈ వాదన బాగా ప్రచారంలోకి వచ్చింది. అందులో కొంత పస ఉంది గానీ అది మరీ సులువైన వాదన. మొహమాటం లేకుండా మాట్లాడతారని పేరున్న డచ్చివాళ్ల కాక్‌పిట్‌లోనే టెనరీఫ్ జరిగింది. 1978 డిసెంబర్ 28న పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 173 కూలింది అమెరికన్ల చేతిలో. చక్రాలు సరిగా దిగాయో లేదో అన్న అనుమానంతో కెప్టెన్ సుమారు గంటసేపు గాల్లో తిప్పాడు. ఇంధనం అయిపోతోందన్న సంగతి మిగతా ఇద్దరికీ తెలుసు, చెప్పారు కూడా. చెప్పిన తీరు కెప్టెన్ చెవికెక్కలేదు. ఇంజిన్లు ఒకటొకటిగా ఆగిపోయి విమానం ఊరి శివార్లలో పడింది, పదిమంది చనిపోయారు. చక్రాలు నిజానికి దిగే ఉన్నాయి.

అంకెల్లో చూస్తే సమస్య ఇంకా తేటగా కనిపిస్తుంది. అమెరికా రవాణా భద్రతా బోర్డు 1978 నుంచి 1990 వరకు సిబ్బంది పొరపాట్లతో జరిగిన 37 పెద్ద ప్రమాదాలను 1994లో పరిశీలించింది. వాటిలో 80 శాతానికి పైగా ప్రమాదాల్లో ఆ సమయంలో విమానం నడుపుతున్నది కెప్టెనే. మామూలుగా ఇద్దరూ వంతులవారీగా నడుపుతారు కాబట్టి సగం సగం ఉండాలి. ఎక్కువ అనుభవం ఉన్నవాడు నడిపినప్పుడే ఎక్కువ ప్రమాదాలెందుకు? జూనియర్ నడుపుతుంటే సీనియర్ తప్పు పట్టుకుని వెంటనే నోరు విప్పుతాడు, ఎవరికీ ఇబ్బంది లేదు. సీనియర్ నడుపుతుంటే తప్పు పట్టుకోవాల్సింది జూనియర్. అక్కడ నోరు తడారిపోతుంది. ఆ లెక్కల్లో ఇంకోటి: 73 శాతం ప్రమాదాలు ఆ ఇద్దరూ కలిసి పనిచేసిన మొదటి రోజునే, 44 శాతం కలిసి నడిపిన మొదటి విమానంలోనే జరిగాయి. చనువు లేనిచోట మొహమాటం ఎక్కువన్నది ఊరి అరుగు మీద కూర్చున్నవాళ్లకీ తెలుసు, అది చేసే నష్టం ఇది.

మొహమాటం పనిచేసేది భాషలో. 1982 జనవరి 13, మంచు కురుస్తున్న వాషింగ్టన్‌లో ఎయిర్ ఫ్లోరిడా 90 టేకాఫ్ తీసుకుంటోంది. ఇంజిన్ బలాన్ని కొలిచే గొట్టంలో మంచు పట్టి, మీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తోంది. నడుపుతున్న కో-పైలట్‌కి అనుమానం వచ్చింది. ఇది సరిగ్గా లేదనిపిస్తోంది కదా అన్నాడు. కెప్టెన్ సరిగ్గానే ఉందన్నాడు. కో-పైలట్ మళ్లీ సరిగ్గా లేదన్నాడు, కాసేపటికి ఏమో, ఉందేమో అని తగ్గాడు. విమానం పొటోమాక్ నది వంతెనను కొట్టుకుని నీళ్లలో పడింది. వంతెన మీదివాళ్లతో కలిపి 78 మంది పోయారు. ఆ సంభాషణలో ఒక్కసారి కూడా 'ఆపుదాం' అన్న మాట లేదు.

ఉటె ఫిషర్, జుడిత్ ఒరసాను అనే పరిశోధకులు 1990లలో పైలట్ల మాటతీరును పరిశీలించారు. ఒకే ప్రమాదాన్ని చూపిస్తే కెప్టెన్లు ఎక్కువగా ఆజ్ఞ రూపంలో మాట్లాడతారు, కో-పైలట్లు ఎక్కువగా సూచనప్రాయంగా వదిలేస్తారు. మాట పదును తగ్గే క్రమాన్ని మెట్లుగా చూపొచ్చు. తెలుగులో ఆ మెట్లు ఎలా ఉంటాయో చూద్దాం. పైమెట్టు: "గో అరౌండ్ చెయ్యండి." దాని కింద: "మనం ఇప్పుడు గో అరౌండ్ చెయ్యాలి." ఇంకా కింద: "ఓసారి పైకి వెళ్లొద్దామా?" తర్వాత: "ఎత్తు సరిపోతుందంటారా సార్?" ఆ కింద: "ఇంకోసారి తిరిగొస్తే నయమనిపిస్తోంది." అట్టడుగున: "ఇవాళ రన్‌వే మరీ దగ్గరగా కనబడుతోంది." ఆరు వాక్యాల వెనకా ఉన్న భయం ఒకటే. చెవిన పడేది మాత్రం ఒకటి కాదు. నిద్రమత్తులోనో, ఒత్తిడిలోనో ఉన్న కెప్టెన్‌కి చివరి మూడూ కబుర్లలా వినబడతాయి.

తెలుగు ఈ విషయంలో మహా సదుపాయమైన భాష. 'ఏమో', 'అంటారా', 'అనుకుంటా', 'కాస్త', 'ఓసారి చూస్తే బాగుండు'. వాక్యం చివర ఒక్క అచ్చు సాగదీస్తే హెచ్చరిక కాస్తా అభిప్రాయమైపోతుంది. మన దేశంలో కాక్‌పిట్ భాష ఇంగ్లీషే అయినా అలవాటు మనిషితోపాటే లోపలికొస్తుంది. ఆసుపత్రుల్లో, సైట్లలో, ఆఫీసుల్లో అయితే నేరుగా తెలుగులోనే పనిచేస్తుంది. ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం తొలగించుకోవాలి. 'మీరు', 'గారు', 'సార్' మాటలు అడ్డం కావు. వాటిని తీసేసి అమెరికన్ల లాగా పేరు పెట్టి పిలవమని చెప్పే శిక్షణలు ఇక్కడ బెడిసికొట్టడం సహజం, ఎందుకంటే జూనియర్‌కి ఇబ్బంది రెట్టింపవుతుంది. మర్యాద పిలుపులో ఉండనివ్వండి. మెత్తదనం సమాచారంలోకి దిగకుండా చూసుకుంటే చాలు.

అందుకు విమానయాన శిక్షణలో ఒక ఐదు భాగాల వాక్యం నేర్పుతారు. ముందు పిలుపు, అవతలివాడి దృష్టి మళ్లేలా. తర్వాత తనకు ఆందోళనగా ఉందన్న మాట. మూడోది, కనబడుతున్న సమస్య, వీలైతే అంకెతో. నాలుగోది పరిష్కారం. ఐదోది, ఒప్పుకున్నారా అని అడిగి జవాబు రాబట్టడం. ఆపరేషన్ థియేటర్‌లో, రక్తం అద్దే మాప్ గుడ్డల లెక్క తేలనప్పుడు, నర్సు నోట ఇది ఇలా ఉంటుంది: "డాక్టర్ గారూ, నాకు ఆందోళనగా ఉంది. మాప్ లెక్కలో ఒకటి తక్కువొచ్చింది. మూసేముందు మళ్లీ లెక్కపెడదాం. ఆపుతారా?" ఎక్కడా అమర్యాద లేదు, ఎక్కడా 'ఏమో' లేదు. సాధారణంగా జారిపోయేది ఐదో భాగం. చెప్పేశాం, మన బాధ్యత తీరిందనుకుని ఊరుకుంటారు. టెనరీఫ్‌లో ఇంజినీర్ దగ్గర ఆగిపోయింది అక్కడే. ఆయన అడిగాడు, 'తప్పుకున్నాడు' అన్న జవాబు వచ్చింది, ఆ జవాబు దేన్ని చూసి చెప్పిందో అడగలేదు.

పోర్ట్‌లాండ్ ప్రమాదం తర్వాత 1979లో నాసా ఒక సదస్సు పెట్టింది. కాక్‌పిట్‌లో ఉన్న మనుషులు, పరికరాలు, సమాచారం అన్నిటినీ కెప్టెన్ వనరులుగా వాడుకోవాలన్న ఆలోచన అక్కడ రూపం దిద్దుకుంది. 1981లో యునైటెడ్ దాన్ని శిక్షణగా పెట్టింది. సీఆర్ఎం (క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్) అంటే అదే. మొదట్లో పాతకాలపు పైలట్లు దాన్ని మర్యాదలు నేర్పే బడి అని ఎగతాళి చేశారు. వాళ్ల ఎగతాళిలో కొంత న్యాయముంది కూడా, తొలి కోర్సుల్లో వ్యక్తిత్వ వికాసం పాఠాలే ఎక్కువ. మనుషుల స్వభావం రెండు రోజుల తరగతిలో మారదు. తర్వాతి తరం కోర్సులు స్వభావాన్ని వదిలేసి పద్ధతుల మీద పడ్డాయి, అప్పుడు పట్టు దొరికింది.

ఆ పద్ధతుల్లో అన్నిటికంటే తెలివైనది వాదాన్ని మనుషుల మధ్య నుంచి తీసేసి అంకెల మీద పెట్టడం. దిగేటప్పుడు మబ్బులో ఉంటే నేలకు 1,000 అడుగుల ఎత్తులో, తేటగా కనబడుతుంటే 500 అడుగుల్లో కొన్ని షరతులు పూర్తై ఉండాలి. చక్రాలు, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున ఉండే పలకలు) దిగి ఉండాలి. వేగం నిర్ణయించిన అంకెకు తగ్గకూడదు, 20 నాట్లు (గంటకు సుమారు 37 కిలోమీటర్లు) మించి పెరగకూడదు. దిగే వేగం నిమిషానికి 1,000 అడుగులు దాటకూడదు. చెక్‌లిస్ట్ ముగిసి ఉండాలి. వీటిలో ఒక్కటి తప్పినా గో అరౌండ్. ఇప్పుడు జూనియర్ 'మీరు తప్పు చేస్తున్నారు' అనక్కర్లేదు. 'వేగం ప్లస్ 30' అంటే సరిపోతుంది. అంకె చెప్పడానికి ధైర్యం తక్కువే కావాలి, అంకెను కాదనడానికి మాత్రం చాలా మొండితనం కావాలి. మునుపు నడపని పైలట్ అని పిలిచే మనిషిని ఇప్పుడు మానిటరింగ్ పైలట్ అంటున్నదీ ఇందుకే. ఊరికే కూర్చున్నవాడు నోరెత్తితే జోక్యం, కనిపెట్టడమే ఉద్యోగమైనవాడు నోరెత్తకపోతే తప్పు.

దీని తర్వాతిది రెండు పిలుపుల నియమం. ప్రమాదకరమైన తేడా మీద రెండుసార్లు చెప్పినా సరైన స్పందన రాకపోతే, నడిపేవాడు స్పృహలో లేనట్టే లెక్కగట్టి 'ఐ హావ్ కంట్రోల్' అంటూ రెండోవాడు తీసుకోవాలి. స్పృహలో లేనట్టే అన్న మాట జాగ్రత్తగా ఎంచుకున్నది. పెద్దాయన మాట కాదన్నట్టు కాదు, ఆయనకు ఒంట్లో బాగోలేనప్పుడు ఆదుకున్నట్టు. మొహమాటానికి కూడా ఒక గౌరవప్రదమైన తలుపు తీసిపెట్టారు.

ఇంత ఉన్నా పని జరగని సందర్భాలెక్కువ. ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ లెక్కల ప్రకారం షరతులు తప్పిన అప్రోచ్‌లలో గో అరౌండ్‌తో ముగిసేవి 3 శాతం మాత్రమే. మిగతా 97 శాతం దిగుతాయి, దాదాపు అన్నీ క్షేమంగానే. అసలు చిక్కు అక్కడే ఉంది. నియమం తప్పి క్షేమంగా దిగిన ప్రతిసారీ ధీమాకు ఇంకొక పూత పడుతుంది. పైగా గో అరౌండ్ అంటే చాలామంది పైలట్ల మనసులో పరీక్ష తప్పినట్టు. ప్రయాణికులు అడుగుతారు, ఆఫీసు ఆరా తీస్తుంది, ఇంధనం ఖర్చవుతుంది. అందుకే గో అరౌండ్ చేస్తే సంజాయిషీ అడగబోమని సంస్థలు రాతపూర్వకంగా ప్రకటించాలని నిపుణులు పట్టుబడతారు. పెద్దవాడు పరువు పోకుండా వెనక్కి తగ్గే దారి సంస్థే వేయకపోతే, వినయం గురించి ఎన్ని పోస్టర్లు అంటించినా గోడకే అందం.

2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో మంగళూరు కథ దాదాపు మళ్లీ జరిగింది. ఈసారీ కొండమీది రన్‌వే, ఈసారీ ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 737. జోరువాన, వెనకనుంచి గాలి, కెప్టెన్ వైపు వైపర్ సరిగా పనిచేయడం లేదు. ఒకసారి దిగబోయి పైకి వెళ్లి, రెండో ప్రయత్నంలో దిగింది. 8,858 అడుగుల రన్‌వేలో 4,438 అడుగులు దాటాక చక్రాలు నేల తాకాయి. 190 మందిలో ఇద్దరు పైలట్లతో సహా 21 మంది మరణించారు. నివేదిక ఏం చెప్పింది? మానిటరింగ్ పైలట్ గో అరౌండ్ అన్నాడు, నడిపేవాడు వినలేదు, మానిటరింగ్ పైలట్ కంట్రోల్స్ తీసుకోలేదు. ఇద్దరి మధ్య అధికారపు ఏటవాలు, అంటే హోదా తేడా, మరీ నిటారుగా ఉందని కూడా రాసింది. పదేళ్ల తేడాతో అవే రెండు వాక్యాలు. ఒక నియమం పుస్తకంలోకి ఎక్కడానికీ చేతుల్లోకి దిగడానికీ మధ్య దూరం అంతుంది. అది తగ్గాలంటే సిమ్యులేటర్‌లో జూనియర్ చేత నిజంగా కంట్రోల్స్ లాక్కునే సాధన చేయించాలి. ఒక్కసారి కూడా చేతులు చేయని పనిని పది సెకన్ల వ్యవధిలో మనసు చేయమంటే చేయవు.

కెప్టెన్ వైపు పని బయల్దేరకముందే, బ్రీఫింగ్ రెండు మూడు నిమిషాల్లో మొదలవుతుంది. 'ఏమైనా కనబడితే చెప్పండి' అనే సాధారణ ఆహ్వానం పెద్దగా పనిచేయదు, పెళ్లిపత్రిక మీద 'సకుటుంబంగా' అన్న మాటలాగా దాన్ని ఎవరూ నమ్మరు. నిర్దిష్టంగా చెప్పాలి: "ఇవాళ రన్‌వే చిన్నది, తడిగా ఉంటుంది. మొదటి మూడో వంతులో చక్రాలు తాకకపోతే మీరు గో అరౌండ్ అనండి, నేను ఎందుకని అడగను, వెళ్లిపోతాను." నిర్ణయం తీసుకోవాల్సి వస్తే తన అభిప్రాయం చివర చెప్పాలి. ముందే చెప్పేస్తే మిగతావాళ్ల దగ్గరుండేది తలూపడమే. జూనియర్ మొదటిసారి ఏదైనా చిన్న తప్పు చూపించినప్పుడు, అది నిజమైనా కాకపోయినా, కెప్టెన్ ముఖం ఎలా ఉంటుందన్నది ఆ రోజంతటినీ నిర్ణయిస్తుంది. ఒక్క విసుగు చూపు చాలు, అవతలివాడు ఇక పెద్ద ప్రమాదమైతే తప్ప నోరు విప్పడు. అది పెద్ద ప్రమాదమని తేలేసరికి సమయం మించిపోతుంది.

ఏటవాలు పూర్తిగా చదునైపోయినా కష్టమే. ఇద్దరూ సమానమనుకునే కాక్‌పిట్‌లో, ముఖ్యంగా ఇద్దరు కెప్టెన్లు పక్కపక్కన కూర్చున్నప్పుడు, ఎవరు తేల్చాలో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకునే సందర్భాలుంటాయి. వినయం అధికారాన్ని వదులుకోవడం కాదని 1989 జులై 19న అమెరికాలో సూ సిటీలో కనిపించింది. యునైటెడ్ 232 తోక ఇంజిన్ పగిలి, విమానాన్ని తిప్పే మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయాయి. అలాంటి స్థితికి పుస్తకంలో జవాబు లేదు. కెప్టెన్ ఆల్ఫ్రెడ్ హేన్స్ ఆ సంగతిని ఒప్పుకుని, ప్రయాణికుడిగా వచ్చిన డెనిస్ ఫిచ్ అనే శిక్షక పైలట్‌ని లోపలికి రానిచ్చి, థ్రాటిల్స్ ఆయన చేతికిచ్చాడు. రెండు ఇంజిన్ల బలం హెచ్చుతగ్గులతోనే విమానాన్ని ముప్పావు గంట సేపు నిలబెట్టారు. ఎవరేం చేయాలో చెప్పింది మాత్రం చివరిదాకా హేన్సే. 296 మందిలో 112 మంది చనిపోయారు, 184 మంది బతికారు. తనకు సీఆర్ఎం శిక్షణే సాయపడిందని ఆయన తర్వాత జీవితమంతా చెబుతూ తిరిగాడు.

ఇవే పాఠాలు కాక్‌పిట్ దాటి ఆపరేషన్ థియేటర్లోకి వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల సర్జరీ చెక్‌లిస్ట్ విడుదల చేసింది. మత్తు ఇచ్చేముందు, కోత పెట్టేముందు, రోగిని బయటికి తీసుకెళ్లేముందు, మూడుసార్లు ఆగి పైకి చదవాలి. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో పరీక్షిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, ఇబ్బందులు 11 నుంచి 7 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. అదే చెక్‌లిస్ట్‌ను కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల్లో ఆదేశం మీద అమలుచేసినప్పుడు, చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2014లో తేలింది. కాగితం ఒకటే, గదిలో గాలి వేరు. ఆగినట్టు కనబడుతూ ఆగకుండా టిక్కులు పెట్టడం ఏ ఆసుపత్రిలోనైనా ఎంత సులువో అక్కడ పనిచేసినవాళ్లకు తెలుసు.

మొదటి ఎనిమిది ఆసుపత్రుల సిబ్బందిని అడిగినప్పుడు దాదాపు ఐదోవంతు మందికి చెక్‌లిస్ట్ వాడటం సులువనిపించలేదు. మరి మీకే ఆపరేషన్ జరుగుతుంటే వాడమంటారా అని అడిగితే 93 శాతం మంది వాడమన్నారు.

ఆ 19 అంశాల్లో డాక్టర్లు చాలాచోట్ల దాటేసేది ఒకటుంది, కోతకు ముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తాము చేసే పని పైకి చెప్పడం. రోజూ చూసే ముఖాలే కదా, పేర్లెందుకని నవ్వుతారు. ఒకసారి తన గొంతు ఆ గదిలో తాను విన్న మనిషి, తర్వాత తప్పు కనబడినప్పుడు నోరు విప్పడం తేలిక. మన ఆసుపత్రుల్లో నర్సులందరికీ కలిపి ఒకటే పేరు, సిస్టర్. పదేళ్లు పక్కన నిలబడ్డ మనిషి అసలు పేరు తెలియని సర్జన్లున్నారు. మాప్ ఒకటి తక్కువొచ్చిందని చెప్పాల్సింది ఆ మనిషే.